మీకు తెలుసా? బర్గర్‌లో చీజ్ ఎక్కడుండాలి?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లో 1895లో మొదలైన చిన్న హోటల్ 'లూయీస్ లంచ్'. అక్కడ బర్గర్‌కు గుండ్రటి బన్ను ఉండదు, కాల్చిన బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి ఇస్తారు. గొడ్డుమాంసం కైమాను బిళ్లలుగా ఒత్తి, పాతకాలపు ఇనుప గ్యాస్ పొయ్యిల్లో నిలువుగా నిలబెట్టి రెండు వైపులా ఒకేసారి కాలుస్తారు. చీజ్, టమాటా, ఉల్లిపాయ కావాలంటే వేస్తారు. కెచప్ అడిగితే మాత్రం ఇవ్వరు!

మాంసం తాజాగా ఉన్నప్పుడు ఆ పట్టుదల సబబే.

చీజ్ విషయంలో అమెరికాలోనే ఉన్న మినియాపోలిస్ నగరపు 'జూసీ లూసీ' బర్గర్‌ది మరో దారి. రెండు పల్చటి మాంసపు బిళ్లల మధ్య చీజ్ పెట్టి అంచులు మూసేస్తారు. పెనం మీద లోపలి చీజ్ కరిగి సలసల కాగుతుంది. వెంటనే కొరికితే నోరు కాలడం ఖాయం, కాసేపు ఆగాల్సిందే. దీన్ని ముందు చేసింది మేమంటే మేమని అక్కడి రెండు హోటళ్లు, మ్యాట్స్ బార్, 5-8 క్లబ్ నేటికీ పోటీపడుతున్నాయి.