కుక్కర్‌కే కాదు, కారుకీ వుంది గ్యాస్కెట్!

కుక్కర్ మూత పక్కనుంచి ఆవిరి బుస్సుమని పోతూ, ఎంతకీ విజిల్ రాకపోతే ఏమైందో మనకెవరూ చెప్పక్కర్లేదు. గ్యాస్కెట్ సాగిపోయిందన్నమాట. సాయంత్రానికల్లా కొత్తది తెచ్చి వేసుకుంటాం. అదే మెకానిక్ "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అన్నప్పుడు మాత్రం నేను తెల్లమొహం వేశాను.

పోయిన మే నెలలో ఓ మధ్యాహ్నం అమ్మని కంటి డాక్టరుకి చూపించి కొండాపూర్ నుంచి చందానగర్ వస్తున్నాను. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ చీమల బారులా నిలిచిపోయాయి. ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. ఎప్పుడూ మధ్యలో వుండే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరకి పోయింది. చూశాను. చూసి కూడా, "ఇంకెంత, నాలుగైదు కిలోమీటర్లేగా! ఈ ఎండలో అమ్మని రోడ్డుమీద నిలబెట్టడమెందుకు?" అనుకుని పోనిచ్చాను. మదీనాగూడ దాటేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆ నాలుగైదు కిలోమీటర్లే మా కొంప ముంచాయి.

మర్నాడు మెకానిక్ చూసి, "గ్యాస్కెట్ పోయింది మేడమ్. సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండ్రి, సార్‌తోని మాట్లాడ్తా" అన్నాడు. బండి నడిపింది నేను, పాడుచేసిందీ నేనే. మధ్యలో సారెందుకు? "నాకే చెప్పు బాబూ" అన్నాను. మంచివాడే పాపం. మూలనున్న పాత గ్యాస్కెట్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టి మరీ చెప్పాడు.

ఇంజనులో పిస్టన్లు ఆడే కింది భాగం బ్లాక్. దానిమీద మూతలా బోల్టులతో బిగించేది హెడ్. రెంటి మధ్యా పరిచే పల్చటి రేకే హెడ్ గ్యాస్కెట్. కుక్కర్ గ్యాస్కెట్ ఒక్క ఆవిరిని ఆపితే చాలు. దీనికి మూడు పనులు. సిలిండర్లో మండే గ్యాసుని బయటకి పోనివ్వకూడదు. ఆయిల్ దారి ఆయిల్‌ది, నీళ్ల దారి నీళ్లది, రెండూ కలవకూడదు. ఇంజను వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది కదా! చాలా కార్లలో హెడ్ అల్యూమినియంది. బ్లాక్ పోత ఇనుముదైతే, అల్యూమినియం దానికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మామూలు వేడికి ఆ లాగుడంతా గ్యాస్కెట్ ఓర్చుకుంటుంది. హద్దు దాటిందా, హెడ్డే వంకర పోతుంది, గ్యాస్కెట్ నలిగిపోతుంది. ఇంతకీ మా బండిలో మొదట పోయింది గ్యాస్కెట్ కాదు, చిట్లిన ఓ రబ్బరు పైపు. ఫ్లైఓవర్ మీదే ఆపివుంటే పైపు ఖర్చుతో పోయేది.

బండి ముందుగానే చెప్తుంది, మనమే పట్టించుకోం. కింద ఒక్క చుక్క కారకపోయినా డబ్బాలో కూలెంట్ తరుగుతూ వుంటుంది. ఇంజను బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్లోంచి తెల్లటి పొగ ఆగదు. ఆయిల్ పోసే మూత తీస్తే కింద పాలు కలిపిన కాఫీలాంటి జిగురు. అయితే చలికాలం పొద్దున్నే కాసేపు వచ్చే ఆవిరికి కంగారు పడకండి, అది సైలెన్సర్లో చేరిన తేమ. బజారు దాకా తప్ప దూరం పోని బండికి మూత కింద కొంచెం తెల్లగా పట్టినా అంతే.

వేడెక్కిన ప్రతి బండికీ గ్యాస్కెట్ పోయినట్టూ కాదు. మా పై ఫ్లాట్ ఆవిడకి ఓ షెడ్డులో ఇదే మాట చెప్పి ఇంజను విప్పుతామన్నారట. నా అనుభవం విన్నది కదా, "ముందు టెస్టు చెయ్యండి" అని పట్టుబట్టింది. చివరికి తేలిందేమిటంటే, పాడైంది థర్మోస్టాట్! ఆ టెస్టులు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక్కో సిలిండర్లో కంప్రెషన్ కొలుస్తారు. రేడియేటర్ మూతి దగ్గర నీలంరంగు ద్రవమున్న గొట్టం పెడతారు. మండిన గ్యాసు నీళ్లలోకి వస్తుంటే నీలం కాస్తా పసుపుపచ్చగా మారుతుంది. అంతవరకూ హెడ్ విప్పనివ్వకండి. ఎందుకంటే గ్యాస్కెట్ ధర తక్కువే, విప్పి బిగించే మజూరీయే ఎక్కువ.

నిజంగా పోయిందని తేలితే మాత్రం వాయిదా వెయ్యకూడదు. ఆయిల్లో నీళ్లు కలిస్తే బేరింగులు అరిగి ఇంజనే పోతుంది. లీకు ఆపుతుందంటూ సీసాల్లో అమ్మే మందు నాలుగు రోజుల ముచ్చట, పైగా రేడియేటర్లో సన్నటి గొట్టాలు మూసుకుపోవచ్చు. అలాగని బెల్టులా ఇన్నేళ్లకని మార్చే వస్తువూ కాదిది. పోతే మార్చాలి. వేరే పనికి హెడ్ విప్పినా మార్చాలి, ఒకసారి నలిగింది మళ్లీ పనికిరాదు. హెడ్ వంకర చూసి, అవసరమైతే లేత్ షాపులో ఫేసింగ్ చేయించారా అని తప్పకుండా అడగండి. వంకర హెడ్ కింద కొత్త గ్యాస్కెట్ నిలవదు. బోల్టులు టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన వరసలో బిగించాలి. చాలా బండ్లకి బోల్టులూ కొత్తవే వెయ్యాలి. బండి మరీ పాతదై, ఖర్చు దాని ధరకి దగ్గరవుతుంటే చేయించాలో అమ్మాలో లెక్క చూసుకోవాల్సిందే.

ముల్లు పైకి లేచిందా (కొన్ని బండ్లలో ముల్లు లేదు, ఎర్రలైటే), ఏసీ కట్టేసి హీటరు పూర్తిగా తిప్పండి. ఎండల్లో హీటరేమిటని నవ్వకండి, అది ఇంజను వేడిని లాగేస్తుంది. బండి పక్కకి తీసి ఆపెయ్యండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. లోపల కుక్కర్‌లాగే ప్రెషరుంటుంది, నీళ్లు వంద డిగ్రీలు దాటి వుంటాయి. తీశామా, మొహాన చిమ్ముతాయి. ఇంజను చల్లారేదాకా ఓపిక పట్టాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. మామూలుగా కూడా మన బోరునీళ్లు పొయ్యకండి. గీజర్లో పేరుకునే తెల్లటి పొక్కు రేడియేటర్లోనూ పేరుకుంటుంది. కూలెంటే పొయ్యాలి.

మా బండి పదో రోజున ఇంటికొచ్చింది. ఇప్పుడు అమ్మ పక్కసీట్లో కూర్చుంటే రోడ్డు చూడదు. "ముల్లు ఎక్కడుందే?" అని సిగ్నల్ సిగ్నల్‌కీ అడుగుతుంది.