కొబ్బరి తోటలకు కావలి కాసే మిత్ర కీటకాలు

కొబ్బరి దీర్ఘకాలిక పంట. మొక్క నాటిన తరువాత ఫలసాయం కోసం రైతు కొన్ని సంవత్సరాలపాటు వేచి ఉండవలసి వస్తుంది. ఏపుగా పెరిగిన చెట్టు సంవత్సరానికి సుమారు 12 ఆకులు వేస్తుంది. సాధారణంగా ప్రతి ఆకు మొదట ఒక గెల పుడుతుంది. కాబట్టి ఆకును నష్టపరచే పురుగు రాబోయే గెలలను, తద్వారా రైతు ఆదాయాన్ని, ఋణ వాయిదాలు చెల్లించే శక్తిని కూడా దెబ్బ తీస్తుంది.

అయితే పురుగు కనిపించిన వెంటనే మందు చల్లడం కొబ్బరి విషయంలో అంత సులభం కాదు, లాభదాయకమూ కాదు. ఎత్తయిన చెట్ల తలలకు మందు సరిగా అందదు. అందిన మేరకు అది హాని చేసే పురుగులతోపాటు వాటిని తినే మిత్ర కీటకాలను కూడా చంపుతుంది. మిత్ర కీటకాలు నశించిన తోటలో మిగిలిన పురుగులు అడ్డు లేకుండా వృద్ధి చెందుతాయి.

నల్లతల గొంగళి పురుగు - దాని శత్రువులు

ఈ పురుగు ఉధృతి వేసవిలో ఎక్కువ. తల్లి రెక్కల పురుగు ఆకుల అడుగుభాగాన గ్రుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు పట్టుదారాలతో, తమ విసర్జనలతో సొరంగాల వంటి గూళ్ళు కట్టుకొని, వాటిలో దాగి ఆకులోని పచ్చదనాన్ని గోకి తింటాయి. ముందుగా క్రింది ఆకులు ఎండుతాయి. ఉధృతి పెరిగితే తోట అంతా నిప్పు అంటుకొన్నట్లు మాడిపోయి కనిపిస్తుంది.

ప్రకృతిలో దీనికి శత్రువులు అనేకం. గోనియోజస్ అనే చిన్న కందిరీగ వంటి బదనిక ఎదిగిన గొంగళి పురుగును కుట్టి, కదలకుండా చేసి, దానిపై గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్ల నుండి వెలువడిన పిల్లలు ఆ పురుగునే ఆహారంగా తీసుకొంటాయి. బ్రాకన్ అనే మరొక బదనిక కూడా గొంగళి పురుగులనే ఆశిస్తుంది. బ్రాకిమేరియా కోశస్థ దశలో ఉన్న పురుగును నాశనం చేస్తుంది. ఈ విధంగా ఒకదాని నుండి తప్పించుకొన్న పురుగు మరొకదానికి చిక్కుతుంది.

గోనియోజస్ బదనికలను హెక్టారుకు 3,000, అనగా ఎకరానికి సుమారు 1,200 చొప్పున, గొంగళి పురుగులు రెండవ లేక మూడవ దశలో ఉన్నప్పుడు విడువవలెనని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేసింది. వీటిని చెట్టు తలలో విడువరాదు. అక్కడ ఉండే సాలీళ్ళు మొదలైనవి వీటిని తినివేస్తాయి. చెట్ల క్రింద విడిచితే అవే పైకి చేరుకొంటాయి. వేసవి ముదరక ముందే, జనవరి నుండి, విడతలు విడతలుగా విడుదల చేయడం మేలు.

తెల్లదోమ నేర్పిన పాఠం

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళలోని పాలక్కాడ్ ప్రాంతాలలో సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదటిసారిగా కనిపించింది. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ దోమ అనతికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు, ఆయిల్ పామ్ తోటలకు కూడా వ్యాపించింది. ఇది రసం పీల్చి జిగురు పదార్థాన్ని విసర్జిస్తుంది. దానిపై నల్లటి మసి పెరిగి ఆకులను కప్పివేస్తుంది.

ఆకులు నల్లబడడం చూసి కంగారుపడి మందులు చల్లినచోట సమస్య తీరలేదు. ఈ దోమను ఎన్కార్సియా గ్వాడెలూపే అనే సూక్ష్మ బదనిక సహజంగానే ఆశిస్తున్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. రసాయన మందులు చల్లకుండా దీనిని కాపాడవలెనని, బదనికలు ఆశించిన పిల్లదోమలు ఉన్న ఆకు ముక్కలను లేని తోటలకు తీసుకువెళ్ళి కట్టవలెనని వారు సూచించారు. భూతద్దంతో చూస్తే బదనిక ఉన్నదీ లేనిదీ రైతే తెలుసుకొనవచ్చును. దోమ బయటికి వచ్చిన పెంకుపై చీలిక ఉంటుంది. బదనిక బయటికి వచ్చిన పెంకుపై గుండ్రని రంధ్రం ఉంటుంది.

ముందు పరిశీలన, తరువాత ఖర్చు

ఒక వేసవిలో తోటల తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక రైతు, "తోటంతా మాడిపోయిందండి ఆఫీసరుగారూ, మందు కొట్టించడానికి ఇంకొంత అప్పు ఇప్పించండి" అని కోరాడు. చెట్టు ఎక్కించి రెండు మూడు ఆకులు దింపించి చూశాము. గూళ్ళలో బ్రతికి ఉన్న పురుగులు చాలా కొద్ది. ఎండిన పురుగుల ప్రక్కన బదనికల చిన్న చిన్న గూళ్ళు గుంపులుగా కనిపించాయి. మందు చల్లి ఉంటే అప్పు పెరిగేది, పని చేస్తున్న సేన నశించేది. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. కనుక రంగును చూసి కాక, లోపల ఉన్న పురుగును చూసి నిర్ణయం తీసుకొనవలెను.

డీలర్లకు సూచనలు

బదనికలు ప్రాణమున్న సరుకు. వీటిని మందు డబ్బాల వలె అలమరలో నెలల తరబడి నిలువ ఉంచరాదు. రైతుల నుండి ముందుగా ఆర్డర్లు సేకరించి, చల్లని వేళ తెప్పించి, వెంటనే అందజేయవలెను. ఎండ తగిలే చోట, పురుగు మందుల ప్రక్కన ఉంచరాదు. మందు చల్లిన తోటలో దాని ప్రభావం తొలగే వరకు బదనికలను విడువరాదని కొనుగోలుదారునికి తప్పక చెప్పవలెను.

ఒక్కరి తోటలో విడిచి ప్రక్క తోటను వదిలివేస్తే పురుగు మళ్ళీ గట్టు దాటి వస్తుంది. కాబట్టి ఒక చెరకకు చెందిన రైతులందరూ కలిసి ఒకేసారి విడుదల చేయడం శ్రేయస్కరం. బదనికల లభ్యత, మోతాదుల గురించి కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో గాని, స్థానిక ఉద్యాన అధికారి వద్ద గాని తెలుసుకొనవచ్చును. సాగు ఖర్చుల కొరకు తీసుకొన్న ఋణాన్ని ఈ అవసరానికి వెచ్చించే ముందు శాఖలోని క్షేత్రాధికారిని సంప్రదించి, తోటను ఒకసారి చూపించండి. ఆకును దించి చూడడానికి పట్టే అరగంట, ఒక్కొక్కసారి ఒక వాయిదా సొమ్మును మిగల్చగలదు.