గని గుట్ట మీద వేరు బుడిపెలు

నెలన్నర వయసున్న వేరుశనగ మొక్కను తడి నేలలోంచి మెల్లగా పెకలించి చూడండి. వేర్లకు ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. అది తెగులు కాదు. ఆ బుడిపెలో రైజోబియం (పప్పుజాతి మొక్కల వేర్లలో కాపురముండే బాక్టీరియా) గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తోంది. జీలుగ, జనుము వేసి కలియదున్నే రైతుకు ఇది తెలిసిన సంగతే. జింకు, సీసం, కాడ్మియం నిండిన గని వ్యర్థంలో కూడా ఇవే బుడిపెలు పుడతాయన్నది మాత్రం చాలామందికి తెలియదు.

ముందుగా ఆ వ్యర్థం ఎలాంటిదో చూద్దాం. గనిలో తవ్విన రాతిని పిండి చేసి, నీళ్లలో కలిపి, ఖనిజాన్ని వేరు చేస్తారు. మిగిలిన బురదను టైలింగ్స్ (ఖనిజం తీసేశాక మిగిలే రాతిపిండి) అంటారు. ఎండాక అది గాలికి లేస్తుంది, వానకు వాగులో కలుస్తుంది. మొక్కలు మొలిస్తే వేర్లు దాన్ని పట్టి ఉంచుతాయి. కానీ మొక్కలు మొలవవు. లోహాల విషం ఒక కారణం. రెండో కారణం ఆకలి, దీన్ని మనం తరచూ మరచిపోతాం. భాస్వరం, పొటాష్ రాతిలో కొంతైనా ఉంటాయి. నేలలో ఉండే నత్రజని మాత్రం చాలావరకు జీవుల వల్ల చేరిందే. ఆకూ అలమూ కుళ్లని రాతిపిండిలో అది దాదాపు ఉండదు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. అయితే దాని రెండు పరమాణువులు మూడు బంధాలతో ముడిపడి ఉంటాయి. యూరియాకు కావలసిన అమ్మోనియా చేసే ఫ్యాక్టరీలో ఆ ముడి విప్పడానికి 400 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. బాక్టీరియా నేల వేడిమిలోనే నైట్రోజినేజ్ (నత్రజని ముడిని విప్పే ఎంజైము) సాయంతో ఆ పని చేస్తుంది. ఆక్సిజన్ సోకితే ఈ ఎంజైము చెడిపోతుంది. అందుకే బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ (మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం) ఆక్సిజన్‌ను అదుపులో ఉంచుతుంది. గోటితో చిదిమినప్పుడు కనిపించిన ఎరుపు దానిదే.

మరి లోహాలు ఈ కాపురాన్ని ఎక్కడ దెబ్బతీస్తాయి? ఇంగ్లండులోని వోబర్న్ ప్రయోగ క్షేత్రం దీనికి సమాధానం చెప్పింది. అక్కడ కొన్ని మడులకు 1942 నుంచి 1961 దాకా మురుగునీటి శుద్ధిలో మిగిలిన బురదను ఎరువుగా వేశారు. ఆ బురదలో జింకు, కాడ్మియం, రాగి ఉన్నాయి. ఆపేసి ఇరవై ఏళ్లు దాటాక ఆ మడుల్లో తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి పశుగ్రాసం వేస్తే అది పాలిపోయి, గిడసబారింది. దెబ్బ తగిలింది ముఖ్యంగా మొక్కకు కాదు, బాక్టీరియాకు. బుడిపెలు చిన్నగా, తెల్లగా ఉన్నాయి. నత్రజని పట్టగల రకాలు ఆ మట్టిలో చచ్చిపోయి, పట్టలేని రకం మిగిలింది. వేరులోకి చేరిన బాక్టీరియాకు మొక్క కొంత రక్షణ ఇస్తుంది. వేరు దొరికేదాకా అది మట్టిలో ఒంటరి కణం. లోహం దాన్ని అక్కడే పట్టుకుంటుంది.

ఈ కథ తిరగబడిన చోటు దక్షిణ ఫ్రాన్సులో ఉంది. సాన్-లోరాన్-లె-మినియె అనే ఊరి దగ్గర జింకు, సీసం తవ్విన గనులు 1991లో మూతపడ్డాయి. ఆ వ్యర్థం మీద ఆంథిల్లిస్ వల్నరేరియా అనే పప్పుజాతి మొక్క ఎవరూ నాటకుండానే పసుపు పూలు పూస్తోంది. దాని బుడిపెల్లోంచి తీసిన కొత్త బాక్టీరియాకు 2009లో మీసోరైజోబియం మెటల్లిడ్యురాన్స్ అని పేరు పెట్టారు. లోహాన్ని ఓర్చుకునేది అని దాని అర్థం. దాని కణపు పొరలో ఒక పంపులాంటి ప్రొటీన్ ఉంది. లోపలికి చొరబడ్డ జింకును, కాడ్మియాన్ని అది శక్తి ఖర్చుపెట్టి బయటికి తోసేస్తుంది. ఎవరో నేర్పిన విద్య కాదిది. లోహం నిండిన ఆ నేలలో తట్టుకోలేనివి పోగా, తట్టుకున్నవే పెరిగాయి.

అందుకే విత్తనాలకు బెల్లం నీళ్లతో పట్టించే మామూలు రైజోబియం ప్యాకెట్ ఇలాంటి చోట అక్కరకు రాదని నా అభిప్రాయం. అది మంచి నేల కోసం ఎంచిన రకం. పల్నాడు జిల్లా బండ్లమోటులో ఒకప్పుడు సీసం తవ్వారు. అలాంటి చోట్ల పని మొదలుపెట్టేవాళ్లు ముందు చూడవలసింది, వ్యర్థం మీద తనంతట తానే మొలిచిన పప్పుజాతి మొక్క ఏదన్నది. వెంపలిలాంటి మెట్ట మొక్క ఒక్కటి కనిపించినా, దాని వేరును కోసి చూడాలి. బుడిపె లోపల ఎర్రగా ఉంటే, ఆ మట్టికి అలవాటుపడిన బాక్టీరియా అక్కడ ఉన్నట్టే. దాన్ని పెంచి, అదే చోట విత్తనంతో పాటు వేయవచ్చు.

పప్పుజాతి మొక్క నిలదొక్కుకుంటే దాని ఆకులు రాలి కుళ్లుతాయి. ఆ నత్రజనితో పక్కన గడ్డి లేస్తుంది. గడ్డి వేర్లు పొడిని పట్టి ఉంచుతాయి. అయితే ఇది శుభ్రం చేయడం కాదు. లోహం ఎక్కడికీ పోదు, కదలడం తగ్గుతుందంతే. పైగా నత్రజని పట్టే వేర్లు చుట్టూ ఆమ్లాన్ని వదులుతాయి. ఆమ్లం పెరిగితే లోహం ఇంకాస్త కరుగుతుంది. ఫ్రాన్సులోని ఆ గుట్టలో సున్నపు రాయి ఉండడం వల్ల ఆ ఆమ్లం విరిగిపోతుంది. ఆమ్లం పుట్టించే గంధకం ఎక్కువున్న వ్యర్థమైతే ముందే సున్నం కలపాలి.

ఇక పచ్చదనం కనిపించగానే మేకలు వస్తాయి. పప్పుజాతి ఆకు వాటికి ఇష్టం. ఆంథిల్లిస్ తన ఆకుల్లోకి జింకును బాగా లాగుతుంది. ఇలాంటి ఆకులో ఎంత లోహం ఉందో ప్రయోగశాలలో తేలేదాకా గుట్ట చుట్టూ కంచె ఉండాలి. కాపరులకు వేరే మేత చోటు చూపించాలి.