ఇంట్లోనే మన క్లౌడ్: ఫైళ్లు మహానందిలో, ఫోను బెంగళూరులో!

ఫోన్లో ‘స్టోరేజ్ నిండిపోయింది’ అని రాగానే మనం చేసే మొదటి పని గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లు తీసెయ్యడం. రెండోది నెలకింత అని కట్టి క్లౌడ్‌లో చోటు కొనుక్కోవడం. గూగుల్ ఫొటోస్‌లో అపరిమితంగా ఉచితంగా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా దొరికే 15 జీబీలోనే మెయిలూ, డ్రైవూ, ఫొటోలూ అన్నీ సర్దుకోవాలి. ఒక్క పెళ్లి వీడియోకే అది చాలదు. ముహూర్తాల రోజుల్లో మహానంది ఎలా కిటకిటలాడుతుందో చూసినవాళ్లకి పెళ్లి వీడియోల సంగతి చెప్పక్కర్లేదు!

మూడో దారి కూడా ఉంది. ఇంట్లో మూలన పడున్న కంప్యూటర్‌నే ఫైల్ సర్వర్‌గా మార్చి, ఎక్కడినుంచైనా ఫోన్లో తెరుచుకోవడం. నేనుండేది బెంగళూరు, అమ్మా నాయనా ఉండేది మహానంది, చెల్లి చదివేది నంద్యాల. తాత చెప్పిన కథల ఆడియోలు, పొలం కాగితాల స్కాన్లు, పదేళ్ల ఫొటోలు ఒకే డిస్క్‌లో ఉన్నాయి. ఆమధ్య అది టిక్కుటిక్కుమని శబ్దం మొదలెట్టింది. అదృష్టం బాగుండి ఫైళ్లన్నీ బయటికొచ్చాయి. పొలం కాగితాలు మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు, కానీ తాత గొంతు ఎక్కడ తెస్తాం? అందుకే ఈ పనికి దిగాను.

ముందు అవసరం, తర్వాతే సాఫ్ట్‌వేర్

యూట్యూబ్‌లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. అవి చూసేముందు మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి. ఫైళ్లు ఎవరెవరు తెరవాలి? మీ మిషన్ బలమెంత? మీరు ఊళ్లో లేనప్పుడు ఆగిపోతే ఎవరు చూస్తారు? మా ఇంట్లో జవాబులివి: నలుగురం, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, అమ్మ.

ట్రూనాస్: 2005లో ఫ్రీనాస్ పేరుతో మొదలైంది. ఇది వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతికి గొప్ప గుణం ఉంది. డిస్క్‌లో డేటా చెడిపోతే కనిపెడుతుంది, ఇంకో డిస్క్‌లో మంచి కాపీ ఉంటే దాంతో సరిచేస్తుంది. కానీ కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, డిస్కులు యూఎస్‌బీతో కాకుండా లోపల నేరుగా బిగించి ఉండాలంటుంది. ల్యాప్‌టాప్‌కి కుదరని బేరం.

ఓపెన్‌మీడియావాల్ట్: 2011లో వచ్చింది. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, పాత మిషన్ మీద కూడా తేలిగ్గా పనిచేస్తుంది. ఒకసారి వేసుకుంటే మిగతాదంతా బ్రౌజర్‌లోనే. సిస్టమ్‌కి ఒక డిస్క్, ఫైళ్లకి ఇంకో డిస్క్ పెట్టుకోవాలి. లోపల ఫైళ్లు పంచిపెట్టేది ‘సాంబా’. పేరు చూసి మన సాంబశివుడికి చుట్టరికం అనుకునేరు! 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం డిక్షనరీలో వెతికితే ఈ పేరు దొరికిందట.

నెక్స్ట్‌క్లౌడ్: 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడిపోయి పుట్టింది. అచ్చం గూగుల్ డ్రైవ్‌లా ఉంటుంది. ఫోన్ యాప్, క్యాలెండర్, పాస్‌వర్డ్ పెట్టి లింక్ పంపడం అన్నీ ఉన్నాయి. కాకపోతే వెనకాల డేటాబేస్, వెబ్ సర్వర్ నడవాలి. అప్‌డేట్లు వదిలేస్తే కుదరదు.

సింక్‌థింగ్: అసలు సర్వరే అక్కర్లేదు. రెండు మూడు మిషన్లలో ఒకే ఫోల్డర్‌ని ఒకేలా ఉంచుతుంది. అయితే ఒకచోట ఫైల్ తీసేస్తే మిగతా చోట్లా పోతుంది. పాత కాపీలు దాచే సెట్టింగ్ పెట్టుకోకుండా దీన్నే బ్యాకప్ అనుకోవద్దు.

ఇమ్మిచ్: ఫొటోలకే. ఫోన్లో తీసింది తీసినట్టు ఇంటి సర్వర్‌కి పంపుతుంది, ముఖాల్ని గుర్తుపట్టి విడదీస్తుంది. ఆ గుర్తుపట్టే పనికి ర్యామ్ బాగానే కావాలి.

నేను ఓపెన్‌మీడియావాల్ట్ వేసి, ఫొటోల కోసం దాని మీద ఇమ్మిచ్ పెట్టాను. ఫైళ్లు చూడ్డానికి ఐఫోన్‌లో ఉండే ఫైల్స్ యాప్ చాలు. ఆండ్రాయిడ్‌లో సాంబాకి కలిసే ఫైల్ మేనేజర్ ఒకటి వేసుకోవాలి.

బయటినుంచి తలుపు ఎట్లా?

అసలు చిక్కు ఇక్కడే. పాత వీడియోల్లో ‘రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చెయ్యండి’ అంటారు. మన దగ్గర చాలా కనెక్షన్లకి అది పనిచెయ్యదు. కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకి పంచుతాయి. మీ రూటర్ పేజీలో చూడండి, బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీదీ ఆ బాపతే.

పనిచేసినా సరే, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్‌ని ఎప్పుడూ బయటికి తెరవొద్దు. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వన్నాక్రై వైరస్ పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం నుంచే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి.

మరి దారి? వీపీఎన్. వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ వ్యక్తిగత వాడకానికి ఉచితం. సర్వర్‌లోనూ, మన ఫోన్లలోనూ వేసి ఒకే ఖాతాతో కలిపితే సరి. ఇది లోపలినుంచి బయటికి కనెక్షన్ పెడుతుంది కాబట్టి రూటర్‌లో ఏ తలుపూ తెరవక్కర్లేదు. మహానంది కోనేరు తలుచుకోండి. ఊట నీళ్లు లోపలినుంచి బయటి పొలాలకి పారతాయే కానీ పొలాల నీళ్లు కోనేట్లోకి రావు. అట్లాగన్నమాట.

వేగం మాత్రం మీ ఇంటి అప్‌లోడ్ మీదే ఆధారపడుతుంది. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే 1 జీబీ ఫైల్ బెంగళూరు చేరడానికి 13, 14 నిమిషాలు పడుతుంది. కనెక్షన్ తీసుకునేటప్పుడు డౌన్‌లోడ్ ఒక్కటే అడిగి ఊరుకోకండి.

అందరికీ ఒకే మందు పనికిరాదు

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇంట్లో నాకో స్నేహితుడున్నాడు. దూరప్రాంతాల గిరాకీలకి డ్రాయింగులు, ఫొటోలు పంపాలి. నాకూ ఇదే పెట్టియ్‌రా అన్నాడు. నేను వద్దన్నాను. విగ్రహం చేయించుకునే ప్రతి ఒక్కరి ఫోన్లో వీపీఎన్ వేయించగలమా? బయటివాళ్లు తెరవాలంటే నెక్స్ట్‌క్లౌడ్ లాంటిదాన్ని ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబెట్టాలి, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండాలి. అంత తీరిక ఉలి పట్టినవాడికి ఎక్కడిది? గిరాకీలకి మామూలు డ్రైవ్ లింకే పంపమని, ఒరిజినల్స్ మాత్రం ఇంట్లో రెండు డిస్కుల్లో ఉంచమని చెప్పాను.

కరెంటు, అమ్మ, రెండో కాపీ

నల్లమల అంచున ఉన్న ఊరు. గాలివాన వస్తే కరెంటు పోవడం మామూలే. ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగుంటే కొద్దిసేపు అదే కాపాడుతుంది. కానీ డిస్క్‌కి వేరే అడాప్టర్ ఉంటే ల్యాప్‌టాప్ నడుస్తున్నా డిస్క్ ఆగిపోతుంది. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే చిన్న డిస్క్ మేలు. రూటర్‌ని కూడా ఇన్వర్టర్ మీద పెట్టాలి. మూత మూసినా నిద్రపోని సెట్టింగ్ చూసుకోవాలి. బ్యాటరీ ఉబ్బిందేమో అప్పుడప్పుడూ గమనించాలి. 15 వాట్లు తాగే ల్యాప్‌టాప్ నెలంతా నడిచినా కాలేది 11 యూనిట్ల లోపే.

మొదటి వారం అమ్మ ఫోన్ చేసింది. ‘‘ఏం నాయనా, ఆ డబ్బా రాత్రంతా మిణుకుమిణుకుమంటాంది, ఆపేయాల్నా?’’ అని. అదే రోజు చెల్లి పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి గోడకి అంటించింది: ఆపొద్దు, ఆగితే ఈ బటన్ నొక్కండి, రెండు నిమిషాలు ఆగండి. ఎన్ని సాఫ్ట్‌వేర్లు పోల్చినా ఆ చీటీ చేసే పని ఏదీ చెయ్యదు.

చివరి మాట. సర్వర్ అంటే బ్యాకప్ కాదు. రెండు డిస్కులు పక్కపక్కనే ఉంటే ఒక్క పిడుగు రెండింటినీ తీసుకుపోతుంది. మా రెండో కాపీ ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ బీరువాలో ఉంది, చెల్లి నెలకోసారి వెళ్లి కొత్తవి ఎక్కించి వస్తుంది. మీరూ మొదలుపెట్టాలనుకుంటే, ఏ సాఫ్ట్‌వేర్ అని ఆలోచించే ముందు ఆ రెండో డిస్క్ ఎవరింట్లో పెట్టాలో తేల్చుకోండి.