బిగింపులో నేర్పు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేలలో పరచుకొన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చిన నీరు అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి తరలిపోతుంది. ఆ ఉప్పుటేటికి చేరువలో ఉన్న ఊరు ఆకివీడు. ఈ సీమలో జనజీవనమంతా నీటితో ముడిపడినదే. పూర్వం తెలుగు రైతు గూడతోను, ఏతంతోను నీరు తోడేవాడు. కాలక్రమంలో ఆ శ్రమను ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు అందుకొన్నాయి. వరిచేలు చేపల చెరువులుగా మారిన కొద్దీ పంపు రైతుకు మరింత ఆప్తమైంది.

చెరువులోని నాచు పగటివేళ సూర్యరశ్మి సహాయంతో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రివేళ నాచు, చేపలు, అడుగున కుళ్లే పదార్థాలు అన్నీ కలిసి ఆ వాయువునే వినియోగించుకొంటాయి. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గిపోతుంది. మబ్బు పట్టిన రోజు గడిచిన తరువాత ఈ ప్రమాదం అధికం. బొచ్చెలు, శీలావతులు నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అట్టి వేళ కొత్త నీరు పెట్టడానికి రైతు ఇంజను వేస్తాడు. ఇంజను చక్కగా తిరుగుతుంది. గొట్టం నుంచి మాత్రం నీరు రాదు. నెలల తరబడి పెంచిన చేపలు గంటలలో చేజారిపోయే గడియ అది. అట్టి వైఫల్యానికి ఒక్కొక్కసారి కారణం యంత్రంలో ఉండదు. గొట్టమూ పంపూ కలిసే అతుకులోని వెంట్రుకవాసి సందులో ఉంటుంది.

అంత చిన్న సందు అంత కీడు ఎలా చేస్తుంది? నిజానికి పంపు నీటిని పైకి లాగదు. లోపల ఒత్తిడి తగ్గినప్పుడు బయటి వాతావరణపు ఒత్తిడే నీటిని గొట్టంలోకి నెడుతుంది. సముద్రమట్టం వద్ద ఆ ఒత్తిడి నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తుకు మించి ఎత్తలేదు. ఆచరణలో ఆరేడు మీటర్లే సాధ్యం. అతుకులో సందు ఉంటే నీటికి బదులు గాలి లోపలికి దూరుతుంది. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు తేలిక. పంపులో తిరిగే రెక్కల చక్రం ఆ గాలిని విసిరి తగినంత శూన్యాన్ని కల్పించలేదు. నీటిని బయటకు నెట్టే వైపు లీకు ఉంటే నీరు చిమ్మి కంటికి కనబడుతుంది. పీల్చే వైపు లీకు కనబడదు. ఇంజను వేయకముందు పంపులోను, పీల్చే గొట్టంలోను నీరు నింపి, ఏ అతుకు వద్ద చెమ్మ చేరుతున్నదో పరిశీలించడం దానిని పట్టుకొనే సులభోపాయం.

ఈ సందును మూసేది గాస్కెట్. ఎంత నునుపుగా కనబడినా ఇనుప అంచులో కంటికి ఆనని మిట్టపల్లాలు ఉంటాయి. రెండు అంచుల నడుమ ఉంచిన మెత్తని రబ్బరు ఒత్తిడికి లోనై ఆ పల్లాలను నింపుతుంది. కాబట్టి పాత గాస్కెట్ ముక్కలను, తుప్పును, ఇసుక రేణువులను పూర్తిగా తుడిచివేయాలి. లోపలి నుంచి వెలుపలికి సాగిన గీత ఒక్కటి ఉన్నా అది నీటికి కాలువ అవుతుంది. ఒకసారి నలిగిన గాస్కెట్‌ను తిరిగి వాడరాదు. జిగురు అవసరమైన చోట పలుచగా పూయాలి. ఎక్కువైతే అది లోపలికి జారి నీటిదారిని మూస్తుంది.

గాస్కెట్‌ను నొక్కి ఉంచే భారం బోల్టులది. బిగించినప్పుడు బోల్టు రవ్వంత సాగి, స్ప్రింగువలె రెండు అంచులను దగ్గరకు లాగుతుంది. ఒక బోల్టును పూర్తిగా బిగించి ప్రక్కదానికి పోతే అంచు ఒకవైపు ఒరిగి, రెండవ వైపు నోరు తెరుస్తుంది. అందువల్ల మొదట అన్నింటినీ చేతితో తిప్పి ఆనించాలి. తరువాత ఎదురెదురు బోల్టులను వరుసగా తీసుకొని, మొదటి విడత మూడవ వంతు, రెండవ విడత మరికొంత, మూడవ విడత పూర్తిగా బిగించాలి. చివరకు చుట్టూ ఒకసారి సరిచూడాలి. పానాపై వెచ్చించిన బలంలో సుమారు పది పాళ్లకు తొమ్మిది పాళ్లు రాపిడికే పోతాయి. బోల్టును సాగదీసేది ఒక పాలే. మరకు నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బిగింపు హెచ్చుతుంది. తెగేదాకా లాగవద్దన్న సామెత ఇక్కడ అక్షరసత్యం. బిగింపు మితిమీరితే రబ్బరు నలిగి బయటకు పొంగుతుంది, మర చెడుతుంది, బోల్టు తెగుతుంది.

ఇదే సూత్రం పడవలోనూ పనిచేస్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన విలియం హామిల్టన్ 1950వ దశకంలో లోతు తక్కువ నదులలో తిరగడానికి జెట్ పడవను రూపొందించాడు. పడవ అడుగున నీటిని పీల్చి, వెనుకకు బలంగా చిమ్మే పంపే దానికి చోదకశక్తి. ఆ పంపును అమర్చాలంటే పడవకు రంధ్రం చేయక తప్పదు. చెరువుగట్టున గాస్కెట్ చెడితే నీరు రాదు. పడవలో చెడితే నీరు లోపలికే వస్తుంది. ఉప్పునీటిలో వేరు వేరు లోహాలు ఒకదానికొకటి ఆనితే వాటిలో ఒకటి త్వరగా క్షయిస్తుంది. కాబట్టి బోల్టు లోహాన్ని కూడా ఎరిగి ఎంచుకోవాలి.

అతుకు విషయంలో ఉపేక్షకు ప్రపంచం చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ బయలుదేరిన 73 సెకన్లకే విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకులోని రబ్బరు వలయం చలికి సాగుగుణం కోల్పోయి సందును మూయలేకపోవడమే అందుకు మూలకారణం. విచారణ సంఘ సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి, ఆ సత్యాన్ని అందరి ఎదుట నిరూపించాడు.

వ్యోమనౌక అయినా, ఆకివీడు చెరువుగట్టుపై ఉన్న ఇంజను అయినా అతుకు ధర్మం ఒక్కటే. శుభ్రం చేయడం, సమంగా బిగించడం, కొంతసేపు నడిపి ఆపిన పిమ్మట మళ్లీ సరిచూడడం చిన్న పనులుగా తోస్తాయి. కాని ఎవరూ చూడని ఆ చిన్న పనులను శ్రద్ధతో చేసే మెకానిక్ చేతి మీదనే రైతు కష్టఫలం నిలిచి ఉంటుంది.