ఉప్పునీటి రహదారి

సింగరాయకొండ అనగానే ఆస్తికులకు వరాహ నరసింహస్వామి, ప్రయాణికులకు రైలు స్టేషను జ్ఞప్తికి వస్తాయి. కాని ఆ ఇనుపదారికి తూర్పున, సముద్రతీరాన్ని అంటిపెట్టుకొని, దానికంటె ముందే పుట్టిన మరొక దారి ఉన్నది. అది బకింగ్‌హాం కాలువ. నేడు దానిలో సరకుల పడవ లేదు, సరంగు కేక లేదు. చాలచోట్ల గట్లు ఒరిగి, పూడిక పెరిగి, ఇది ఒకనాటి రాజమార్గమని చెప్పినా క్రొత్తవారు నమ్మలేని స్థితిలో పడి ఉన్నది.

ఈ కాలువ ఒక్క రోజున పుట్టినది కాదు. బేసిల్ కాక్రేన్ అనే బ్రిటిషు వర్తకుడు మదరాసు నుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన చిన్న కాలువ 1806 నాటికి పూర్తి అయింది. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనపరచుకొని, అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించింది. పెదగంజాము మొదలు తమిళనాట మరక్కాణము వరకు దీని నిడివి సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశంలోనే ఉన్నది. ఉత్తరపు కొసన కొమ్మమూరు కాలువతోను, దాని ద్వారా కృష్ణా గోదావరీ డెల్టా కాలువలతోను సంధానం కుదిరింది. కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రపు కెరటాల పాలబడకుండానే మదరాసులో దిగగలిగేవాడు.

1876-78 నాటి ఘోర క్షామంలో ఆకలిగొన్నవారికి పని కల్పించే నిమిత్తం కూవము, అడయారు నదుల నడుమ భాగాన్ని త్రవ్వించారు. ఆనాటి మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు స్థిరపడింది. ఆ రాజధానిలో జరిగిన కరవు పనులలో ఒక దశలో పురుషుని దినకూలి ఒక పౌను ధాన్యము, ఒక అణా. ఆ కూలికి గడ్డపలుగు పట్టిన చేతుల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

ఇది ఉప్పునీటి కాలువ. సముద్రపు పోటు నదీముఖాల ద్వారా ప్రవేశించి దీనిని నింపుతుంది. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, పెన్న వంటి నదులు ఎదురైనచోట రైలు వంతెన కట్టుకొని పైగా సాగిపోయింది. కాలువకు ఆ సౌకర్యం లేదు. పడవ నదిలోనికే దిగి, ఆవలి గట్టున తిరిగి కాలువలో ప్రవేశించవలసి వచ్చేది. అందుకే నదులకు ఇరువైపులా లాకులు నిర్మించారు. వరదనీరు, ఇసుక లోపలికి చొరకుండ తలుపులు ఆపేవి. ఆటు వేళ నీరు జారిపోకుండ నిలిపేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గడ, అదీ చాలకపోతే గట్టు మీద మోకు లాగే మనుష్యులు. పడవవారి గడియారం చంద్రుడు.

1899లో విజయవాడ, మదరాసుల మధ్య రైలుమార్గం కలిసింది. నాటినుండి తొందరగల ప్రయాణికుడు రైలెక్కాడు. తొందరలేని సరకు పడవలోనే మిగిలింది. ధాన్యము, ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు చాల కాలము కాలువ మీదనే మదరాసు చేరాయి. తరువాత లారీలు వచ్చాయి. 1965, 1966, 1976 సంవత్సరాల తుపానులు గట్లను, లాకులను దెబ్బతీశాయి. రాబడి లేని కాలువకు మరమ్మతు లేదు. మరమ్మతు లేని కాలువకు పడవ రాదు. మదరాసు నగరంలో మరొక విచిత్రం జరిగింది. 1990ల దశకంలో పైమార్గపు రైలు కోసం కాలువ గర్భంలోనే స్తంభాలు పాతారు. మునుపు ప్రక్కన నడిచిన రైలు చివరకు కాలువ గుండె మీదనే నిలిచింది.

పోయిన దారులన్నీ తిరిగిరానివి కావు. 1928లో వేసిన కాకినాడ-కోటిపల్లి రైలుమార్గపు పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఊడదీసి తరలించారు. 2004లో మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది. అదే సంవత్సరం డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు, ఈ కాలువ కొన్ని చోట్ల పొంగివచ్చిన నీటిని తనలో ఇముడ్చుకొని వెనుకనున్న ఊళ్ళకు ఆసరా అయిందని పరిశీలకులు గుర్తించారు. 2008లో దీనిని 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. కాని ఈ తీరాన సరకుల పడవల రాకపోకలు మాత్రం మళ్ళీ మొదలుకాలేదు.

కాలువను పునరుద్ధరించవలెనా అన్నది ఇంజనీర్లు, తీరవాసులు కూడి తేల్చవలసిన విషయం. లోతు పెంచితే ఉప్పునీరు ఎంత మేరకు ప్రాకునో, చేపల వేట మీద బ్రతికేవారి కేమగునో ముందుగా విచారించవలసి ఉన్నది. అయితే అంతవరకు వేచి ఉండనక్కరలేని పని ఒకటి కలదు. మిగిలిన లాకులను గుర్తించి, వాటి రాళ్ళు ఇండ్ల పునాదులకు తరలిపోకుండ కాపాడవచ్చును. పడవ నడిపిన వృద్ధులు ఇంకను ఉన్న ఊళ్ళలో వారి మాటలను, గాలికి, పోటుకు, మోకుకు వారు పెట్టుకొన్న పేర్లను ఆ ప్రాంతపు కళాశాలల విద్యార్థులు వ్రాసి ఉంచవచ్చును. గట్టు తెగితే మరల పోసుకొనవచ్చును. పలికేవారు పోయిన పిమ్మట ఆ పలుకులను ఏ నిఘంటువులో వెదకాలి?