ఎక్స్ బదులు ఒక అంకె: నిష్పత్తి లెక్కలకు దగ్గరి దారి



మా రూములో నలుగురం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదటివాళ్ళం. చివరి సంవత్సరంలో అందరం ఐసెట్ రాశాం. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. మేమేమో ప్రతి నిష్పత్తి లెక్కకూ ఎక్స్, వై అనుకుని రఫ్ కాగితం నింపుతూ కూర్చున్నాం. టైం అయిపోయేసరికి చివరి ముప్ఫై ప్రశ్నలు చూడనే లేదు. సీటు రాలేదు.

ఆ వేసవిలో మాలో ఇద్దరం మేస్త్రీ దగ్గర కూలికి పోయాం. గోడ కట్టడానికి ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుక. ఒక తట్టకు ఆరు తట్టలు కలిపినా, రెండింటికి పన్నెండు కలిపినా మాలు ఒకటే. బడికి పోని మేస్త్రీకి తెలిసిన ఈ సంగతే మేము పరీక్షలో మరిచిపోయాం.

ఒక లెక్క చూడండి. ఎ : బి = 3 : 4 అయితే (2ఎ + 3బి) : (3ఎ – బి) ఎంత? ఎ = 3, బి = 4 అనుకోండి. మొదటిది 6 + 12 = 18. రెండోది 9 – 4 = 5. జవాబు 18 : 5. అనుమానముంటే 6, 8 వేసి చూడండి. 36 : 10 వస్తుంది. అది కూడా 18 : 5 యే. రెండు వైపులా అదే గుణకం ఉంటుంది కాబట్టి కొట్టివేతకు పోతుంది.

ఎ : బి = 2 : 3, బి : సి = 4 : 5 అంటే? రెండింటిలో ఉన్నది బి. 3, 4 రెండూ భాగించే అంకె 12. బి = 12 అనుకుంటే ఎ = 8, సి = 15. అంతే, 8 : 12 : 15.

శాతాలకైతే 100 అనుకోండి. ధర 20 శాతం పెంచి, మళ్ళీ 20 శాతం తగ్గిస్తే 100 కాస్తా 120, తర్వాత 96. అంటే 4 శాతం తగ్గింది.

కానీ అన్నిచోట్లా ఇది పనిచేయదు. అన్నదమ్ముల వయసులు 4 : 3, అయిదేళ్ళ తర్వాత 5 : 4 అన్నారనుకోండి. 4, 3 వేస్తే 9 : 8 వస్తుంది, తప్పు. అయిదేళ్ళు అనేది పాలు కాదు, అసలు విలువ. అప్పుడు ఇచ్చిన జవాబులనే వేసి చూడాలి. తమ్ముడి వయసు 12 అయితే అన్నకు 16. అయిదేళ్ళకు 21 : 17, కుదరదు. 15 అయితే అన్నకు 20. అయిదేళ్ళకు 25 : 20, అంటే 5 : 4. కుదిరింది.

అలాగే ఒక పదంలో ఎ వర్గం, పక్క పదంలో ఉత్త బి ఉంటే జాగ్రత్త. ఎ : బి = 1 : 2 అయినప్పుడు (ఎ వర్గం + బి) : బి అడిగితే 1, 2 వేస్తే 3 : 2, కానీ 2, 4 వేస్తే 2 : 1 వస్తుంది. అంటే ఇచ్చిన సమాచారం చాలదని అర్థం. 0, 1 కూడా ఊరికే వేయకండి. 1 కి వర్గం కూడా 1 కాబట్టి రెండు జవాబులు సరిపోయినట్టు కనిపిస్తాయి. బ్యాంకు పరీక్షల్లో తప్పుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు పోతుంది కనుక రెండో జత అంకెలతో సరిచూసుకోవడం మంచిది.

మరుసటి ఏడు ఇదే పద్ధతితో రాశాం. నలుగురిలో ముగ్గురికి పీజీ సీటు వచ్చింది. నాలుగో వాడు ఇంటి బాధ్యతల వల్ల మళ్ళీ రాయలేకపోయాడు. మాకన్నా లెక్కలు బాగా వచ్చినవాడు. ఒక ఏడాది పోతే మనలాంటి ఇళ్ళల్లో చదువే ఆగిపోవచ్చు. అందుకే, తమ్ముళ్ళూ, ఇవాళ రాత్రి స్టడీ అవర్‌లో పది లెక్కలు ఇలా చేసి చూడండి.